తిరగని బండికి ఆయిలెందుకు

మొన్న అనంతపురంలో కారు సర్వీసుకిస్తే మెకానిక్ కిలోమీటర్లు అడగలేదు. "రోజూ యాడ తిరుగుతావన్నా? ఇంజను ఆన్‌లో పెట్టుకోని ఏసీలో కూచుంటావా?" అన్నాడు. దుమ్ములో తిరిగే బండికి, ఎక్కువసేపు నిలబెట్టి ఇంజను ఆడించే బండికి పుస్తకంలో రాసిన గడువులో సగానికే ఆయిల్ మార్చాలట. ఇంజనులో మట్టం చూసే ఆయిల్ పుల్ల తీసి గుడ్డకు తుడిచాడు. ఆ నల్లటి మరక నేను ఇదివరకు చూసిందే.

పన్నెండేళ్ల కిందట, వానలు మొహం చాటేసిన ఏడాది, గుమ్మఘట్ట పక్క పల్లెలకు నీళ్లు తోలే ట్యాంకరు లారీ ఒకటి నాకుండేది. నడిపేది మా అక్క మొగుడు. గొర్రెల మంద అడ్డమొస్తే హారన్ కొట్టడు, దిగి గొర్రెలను బతిమాలుకునే మనిషి. బోరు సన్నగా పోసేది. దాని ముందు ట్యాంకర్ల వరుస. మా బండి బ్యాటరీ చచ్చి ఉంది. ఆపితే మళ్లీ స్టార్టు కాదు, వరుసలో చోటు పోతుంది. అందుకని ఇంజను ఆపొద్దని చెప్పింది నేనే. గంటలకొద్దీ బండి నిలబడే పొగ వదిలేది. ఆ తర్వాత నిండు ట్యాంకుతో, మట్టిదారిలో, మొదటి గేరులో పల్లె దాకా.

ఒకరోజు బావ ఆయిల్ పుల్ల నా ముక్కు దగ్గర పెట్టాడు. "ఏమప్పా, మాడు వాసన కొడతాండాది సూడు. తారు మాదిరి అయిపోయిండాది. మార్చల్ల."

నేను కిలోమీటర్ల మీటరు చూశాను. "ఇంగా సగం గూడా తిరగలేదు బావా. తిరగని బండికి ఆయిలెందుకు?"

"బండి తిరగల్యా. ఇంజను తిరుగుతాండాది గదా."

వారం తర్వాత ఇంజనులో చప్పుడు మొదలైంది, మూసిన తలుపును లోపలినుంచి ఎవరో వేలితో కొడుతున్నట్టు. బావ అదీ చెప్పాడు. పల్లెలో బిందెలు వరుసలో ఉన్నాయి, ముందు తోలమన్నాను.

మర్నాడు మధ్యాహ్నం, పల్లె ముందరి ఎత్తు ఎక్కుతుండగా ఇంజను బిగుసుకుపోయింది. ఇంజను ఆగితే ఆ బండికి బ్రేకు బలం ఉండదు. నిండు ట్యాంకు వెనక్కి జారింది. వెనకే బిందెలతో వస్తున్న ఆడవాళ్ల మీదికి పోకుండా బావ స్టీరింగు గట్టువైపు తిప్పేశాడు. బండి ఒరిగి అతని కాలు నలిగింది. నీళ్లన్నీ చూస్తుండగానే ఎర్రమన్నులోకి ఇంకిపోయాయి.

ఆసుపత్రి వరండాలో అందరూ అడిగితే, "బావ ఆయిల్ చూసుకోలేదు, ఒట్టి నిర్లక్ష్యం" అన్నాను. అక్క కూడా నమ్మింది. లోపల మంచం మీదినుంచి బావ విన్నాడు. కాలు ఏడాదికి అతుక్కుంది. పేరు అతుక్కోలేదు. బండిని చంపినోడన్నారు; మళ్లీ ఎవరూ అతని చేతికి తాళం ఇవ్వలేదు. అప్పటినుంచి పరాయివాళ్ల మేకలు కాస్తున్నాడు.

ఇక్కడిదాకా రాసింది నిన్న వాళ్లింటికి పోయి చదివాను. అక్క మధ్యలోనే లేచి లోపలికి పోయింది, మళ్లీ రాలేదు. బావ చివరిదాకా విన్నాడు. "బాగుండాదప్పా," అన్నాడు. "ఇప్పుడు కండ్లు సరిగా ఆనల్యా నాకు. బండి ఎవురిస్తారు?"

పన్నెండేళ్లు నేను కదలకుండా ఒకేచోట నిలబడ్డాననుకున్నాను; కాలం మాత్రం ఆ బండి ఇంజను మాదిరి లోపల తిరుగుతూనే ఉంది.