జైనబ్ చాచీ ఎడమ చేతికి అందేలా

2022 ఆగస్టు. దుబాయ్‌లోని అల్ ఖూజ్‌లో మా వర్క్‌షాప్. లాన్ మోవర్లు, నీటి పంపులు, తోట పనికి వాడే చిన్న ట్రాక్టర్లు బాగుచేయడం నా పని. ఆ ఉదయం ఒక పికప్‌లో పాత గార్డెన్ ట్రాక్టర్ వచ్చింది. దాంతోపాటు గుల్ జమాన్ చాచా వచ్చాడు. పాకిస్తాన్ ఉత్తర కొండల మనిషి. ఒక విల్లాలో చాలా ఏళ్లు తోటమాలిగా చేసి, ఇక ఇంటికి వెళ్లిపోతున్నాడు. విల్లాలో గడ్డి తీసేసి బండలు పరిచాక, కఫీల్, అంటే అతన్ని పనిలో పెట్టుకున్న యజమాని, ఆ ట్రాక్టర్‌ను చాచాకే ఇచ్చేశాడట.

పికప్‌లో ఇంకో వస్తువు కూడా ఉంది. వెడల్పాటి నోరు, లోపల ఇనుప మర, పైన వంపు తిరిగిన గొట్టం.

"ఇదేంది చాచా?" అని ఉర్దూలో అడిగాను.

"స్నో బ్లోయర్, ఉస్తాద్. షార్జాలో పాత సామాన్ల యార్డులో దొరికింది. ట్రాక్టర్ ముందు బిగిస్తే దారిలో పడ్డ మంచును లోపలికి లాగి, గొట్టంలోంచి పక్కకు విసురుతుంది. బిగించి ఇస్తావా?"

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. నాకు నవ్వొచ్చింది. చాచా నవ్వలేదు.

"నేనిక్కడ మొక్కలకు నీళ్లు పోస్తుంటే, అక్కడ నా భార్య ప్రతి చలికాలం ఇంటి నుంచి రోడ్డు దాకా పారతో మంచు తోసింది. కుడి భుజం పాడైంది. చాలు, ఇక ఆమె పార పట్టొద్దు."

రెండూ వేర్వేరు కంపెనీలవి. బోల్టు రంధ్రాలు కలవలేదు. మా వెల్డర్ మల్లేశ్ ఇనుప పట్టీలు కోసి కొత్త బ్రాకెట్ చేశాడు. పుల్లీలు ఒకే వరుసలో లేక బెల్టు జారిపోతుంటే, ఒకదాన్ని పక్కకు జరిపి నిలబెట్టాను. మరకు షియర్ పిన్ అనే మెత్తని బోల్టు ఉంటుంది. రాయి తగిలితే అది విరిగి గేర్‌బాక్సును కాపాడుతుంది. అలాంటివి కొన్ని విడిగా చేసి పెట్టాను.

అంతా అయ్యాక చిక్కొచ్చింది. నేను పుట్టి బుద్ధెరిగి మంచు చూడలేదు. మరి నడిపి చూసేదెట్లా?

"మంచు లేకుంటే ఏమాయెనే అన్నా, చేపల మార్కెట్ల ఐసు ఉంటది గద!" అన్నాడు మల్లేశ్.

కొట్టిన ఐసు తెప్పించి ముందు కుప్ప పోశాం. ఇంజన్ స్టార్ట్ చేస్తే, గొట్టంలోంచి ఐసు ఎండలో మెరుస్తూ ఎగిరింది. పక్క షాపులవాళ్లు వచ్చి దాని కింద నిలబడ్డారు. చాచా వీడియో కాల్‌లో భార్యకు చూపించాడు. జైనబ్ చాచీ పడీ పడీ నవ్వింది. నవ్వు ఆగాక అడిగింది.

"దాన్ని పైకెత్తే లివర్ ఏ వైపుంది?"

"కుడివైపు," అన్నాడు చాచా.

"మరి నేనెట్లా ఎత్తాలి?"

"నువ్వెందుకు? నేను నడుపుతా."

"మంచు కింద కాలువ ఎక్కడుందో, బండలెక్కడున్నాయో నీకేం తెలుసు? చలికాలంలో నువ్వు ఇంట్లో ఎప్పుడున్నావు?"

ఆమె గొంతులో కోపం లేదు. చాచా ఫోన్ నా చేతిలో పెట్టాడు. "ఆమెనే అడుగు ఉస్తాద్. ఎట్లా చెబితే అట్లా చెయ్."

చాచీ పీట మీద కూర్చుని, ఎడమ చేయి ఎంతవరకు చాపగలదో చూపించింది. ఎంత ఎత్తు ఉంటుందని అడిగితే, చాచా తన గుండె దగ్గర చెయ్యి పెట్టుకుని, "పక్కన నిలబడితే తల ఇక్కడికి వస్తుంది," అన్నాడు. లివర్‌ను ఎడమవైపుకు మార్చాను. బలంగా లాగాల్సిన పని లేకుండా ఒక స్ప్రింగ్ వేశాను. సీటు ముందుకు జరిపాను.

ఆ చలికాలం చాచా ఊరి నుంచి ఒక వీడియో వచ్చింది. రెండు పక్కలా తెల్లటి గోడల్లా మంచు. చాచీ బండి నడుపుతోంది. చాచా వెనకాల మిగిలిన మంచును చీపురుతో ఊడుస్తూ వస్తున్నాడు. ఒకచోట ఆమె బండి ఆపి, కింద ఏదో చూపించి, అతనికి వివరంగా చెబుతోంది. అతను శ్రద్ధగా వింటున్నాడు.

అప్పటి నుంచి ఏ బండి వచ్చినా, పానా పట్టకముందే దాన్ని నడిపేదెవరని అడుగుతాను. వాళ్లు దూరంగా ఉంటే ఫోన్ కలపమంటాను. "ఎందుకు, నేను చెబుతున్నా కదా," అంటారు చాలామంది. అయినా సరే, కలపమంటాను.