వైప్స్ వెచ్చబెట్టే పెట్టె

బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే త్రినాధరావు పని దిగి రోజూ హనీఫ్ నడిపే పిల్లల సామాన్ల కొట్లో ఆగి, పసిపిల్లల్ని తుడిచే తడి వైప్స్‌ని వెచ్చబెట్టే కరెంటు పెట్టె తీయించేవాడు. అందులోంచి గుడ్డ లాగి, కొట్టుకొచ్చిన ఆడవాళ్లు నవ్వుతున్నా సరే, కళ్లు మూసుకుని బుగ్గకు అద్దుకునేవాడు. "డైపర్ మార్సినప్పుడు సల్లగా తగిల్తే పిల్ల ఉలిక్కిపడదా భాయ్? కొనొచ్చంతావా, దండగా?" అనేవాడు. "కొను అన్నా. నెల్లాళ్లుగా నీ మీసానికే కాపడం పెడుతున్నా," అనేవాడు హనీఫ్. "పుట్టకుండా కొనకూడదు. సూత్తన్నానంతే."

ఎనిమిదో నెలలో అతని భార్య పావని కడుపులోనే బిడ్డ పోయింది. పది రోజులకు కొట్టు ముందు ఆగిన త్రినాధరావును చూసి, సంగతి తెలియని హనీఫ్ అలవాటుగా పెట్టె అందుకున్నాడు. "తియ్యకు భాయ్. బిడ్డ దక్కలేదు," అన్నాడు త్రినాధరావు మెట్టు కిందే నిలబడి. "సూడ్డం కూడా కొన్నట్టేనేమో. నాకు తెలీలేదు."