రిజల్ట్ రాకముందే పోయిన నీళ్లు

నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది, తప్పులూ ఉంటాయి, మన్నించండి. పోయిన ఆదివారం, చర్చి విడిచే పొద్దుకు, మా పక్కింటి ఆయమ్మ చనిపోయింది. బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో మా రెండిండ్లకూ నడుమ ఒకటే గోడ. ఇప్పుడు ఆ పక్క సద్దు లేదు.

గని మూసినాక వాళ్ల నాయన ఇంట్లో కూర్చుండిపోయినాడు. ఆయమ్మ రైలెక్కి మాలూరుకు పనికి పోయింది. క్యాన్ నీళ్లు, కలర్ డ్రింకులు చేసే చిన్న ఫ్యాక్టరీ. నీళ్లలో క్రిమి ఉండాదా లేదా చూసేది ఆమె పని. చిన్న గాజు తట్టలో నీళ్లు పోసి వెచ్చగా పెడితే, క్రిమి ఉంటే మూడో దినానికి చుక్కలు లేస్తాయంట. అంతవరకు ఎవురు కాచుకుంటారు? లోడు ముందు పోయేది, సంగతి వెనక తెలిసేది.

నా ఇంటిది పోయినాక నా నీళ్ల కుండ కూడా ఆమే తోమేది. నేను ఇంతకాలం ఉండేది దానివల్లేనేమో.

ఒక ఎండాకాలం చుక్కలు లేచినాయి. లోడు అప్పటికే లక్కూరు పక్క ఇటుక బట్టీలకు పోయుండింది. ఆయమ్మ గుడిసె గుడిసెకూ పోయి క్యాన్లు వెనక్కి అడిగింది. అమ్మిన నీళ్లు అడుక్కునేదానికి వచ్చినావా తల్లీ అని ఒక ముసలామె నవ్విందంట. ఒక గుడిసెలో బాలింత, పక్కన పసి ఆడపిల్ల. బిడ్డకు బేదులు. ఆ నీళ్లే చెంచాతో పట్టినారు. ఆయమ్మ ఆస్పత్రికి బండి పిలుచుకొచ్చేలోపల, బట్టీ మేస్త్రీ భయపడి వాళ్లను లారీ ఎక్కించి పంపేసినాడు. యాడికో ఎవురూ చెప్పలేదు. వాసానికి చీర ఉయ్యాల ఊగతా ఉండిందంట.

ఇంగ అప్పట్నుంచి రైల్లో బట్టీలు కనపడితే లేచి నిలబడేది.

చానా ఏండ్లకు ఫ్యాక్టరీకి కొత్త మెషీన్ వచ్చింది. పొద్దున పెట్టిన నీళ్ల సంగతి సాయంత్రానికే చెప్పేస్తుంది. ఆ దినం స్వీటు పంచినారు. ఆయమ్మ తన వంతు నా చేతిలో పెట్టి, "మెషీన్ వచ్చింది పెద్దప్పా. ఆ బిడ్డే యాడుందో తెలీదు" అనింది.

కడాగా ఆస్పత్రిలో నేనే నీళ్లు పట్టినాను. తాగకుండా నోరు బిగించుకునింది.

"ఇవి ఆ బిడ్డకు పట్టలేదు గదా పెద్దప్పా?"

"లేదమ్మా. నువ్వు తాగు."

గుక్కెడు తాగింది.

ఆ బిడ్డ బతికుంటే ఇప్పుడు పెండ్లి ఈడుకు వచ్చుంటుంది. ఇది చదివిన మీలో ఎవరికన్నా తెలిసుంటే రాయండి. మంచి కబురైనా, కాకపోయినా, నేను పోయి ఆమెకు చెప్తాను. సమాధి మన్ను ఇంకా కుంగతా ఉండాది. నిన్న వానకు పైన గుంత పడి నీళ్లు నిలిచినాయి, తేటగా. వాటిని తోడెయ్యలేక వచ్చేసినాను. బేగ రాయండి.