పాట ఆగాక ఎంతసేపు

డాక్టరు మాత్రను సగానికి తగ్గించి మూడు విషయాలు రాసుకొమ్మన్నాడు: నిద్ర, తిండి, ఏడుపు. నేను నాలుగోది కలుపుకున్నాను, పాట. డిప్లొమాలో మోటార్లను పరీక్షించడం నేర్చుకున్నవాణ్ణి. కొలవనిదాన్ని నమ్మడం నాకు కష్టం. ప్రతి ఆదివారం అవే ఐదు పాటలు విని, ఎంత కదిలించాయో పదికి మార్కులు వేసుకునేవాణ్ణి.

డిప్రెషన్‌లో ఉన్న ఏడాది సంగతి వేరు. హుషారు పాటలు గోడ అవతలి చప్పుడులా ఉండేవి. విషాదపు పాట మాత్రం లోపలికి దిగబడేది. పొద్దున బోధన్ బస్సులో విన్నది మర్నాటి దాకా ఛాతీ మీద కూర్చునేది, అన్నం సహించేది కాదు. స్విచ్ ఆపేసినా తిరుగుతూనే ఉండే మోటారులా ఉండేది నా మెదడు. ఇప్పుడు హుషారు పాటలకు నాలుగైదు మార్కులు పడుతున్నాయి. విషాదపు పాటను మాత్రం ఆ ఐదింటిలో చేర్చలేదు. భయం.

ఆ భయం ఇంట్లోనూ ఉంది. నిజామాబాద్‌లో మా ముందరి గదిలో, నేను అవ్వా అని పిలిచే అమ్మ, పక్కింటి చిన్నమ్మ చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చేస్తారు. చేతులు ఒకే వేగంతో సాగడానికి చిన్నమ్మ పాడుతుంది. దుఃఖపు పాటైతే, నా చెప్పుల చప్పుడు వినగానే మధ్యలో ఆపేస్తుంది. నేను కోలుకున్నాక కూడా ఆ అలవాటు పోలేదు.

ఒక ఆదివారం నేను లోపలి గదిలో ఉన్నానని చిన్నమ్మకు తెలియదు. బిడ్డను అత్తారింటికి సాగనంపే పాట ఎత్తుకుంది. రెండో చరణానికి నా కళ్ళు నిండాయి. మంచినీళ్ళకని బయటికి వస్తే అమ్మ చూసింది. ఆమె చేతిలోని తునికాకు చాటలో పడింది.

"బిడ్డా, మళ్ల గట్లనే అయితున్నదా?"

"తెల్వదవ్వా. జర ఆగు, సూస్త."

"లోపట ఉన్నడని చెప్పొద్దా అక్కా? నా నోరు పడిపోను," అని చిన్నమ్మ అమ్మను కసిరింది.

పాట ఆగాక ఎంతసేపు ఉంటుందో చూద్దామని గోడ గడియారం చూసి గడప మీద కూర్చున్నాను. కళ్ళు కారుతున్నాయి. ఛాతీలో బరువు ఉంది. చేతుల్లో నీరసం లేదు. ఐదు నిమిషాలకు బరువు జారింది, పావుగంటకు కళ్ళు ఆరాయి. తర్వాత నేను అనుకోనిది వచ్చింది. ఆకలి.

"అవ్వా, అన్నం ఉన్నదా?"

"గిప్పుడే ఏడిస్తివి, గిప్పుడే అన్నమంటివి. డాక్టర్‌కు ఏది రాస్తవ్‌రా?" అంది చిన్నమ్మ.

"రెండూ రాస్త."

అమ్మ అన్నం, పప్పు పెట్టి, పని ముట్టుకోకుండా నేను తినడమే చూస్తూ కూర్చుంది. మారు వడ్డించమన్నాను. అది కూడా అయ్యాక, "చిన్నమ్మా, ఆ పాట మొత్తం పాడు," అన్నాను.

చిన్నమ్మ అమ్మ ముఖం చూసింది. అమ్మ ఖాళీ పళ్ళెం చూసింది.

"పాడు," అంది, గొంతు అంత గట్టిగా లేకపోయినా.

చిన్నమ్మ పాడుతుంటే నా కళ్ళు మళ్ళీ నిండాయి. అమ్మ ఆకు కత్తిరిస్తూ నన్నే గమనిస్తోంది. పాట ఆపమని మాత్రం అనలేదు.