సెరఫీం చూసిన తిమింగలం

మా దీవిలోని లజేష్ రేవులో తిమింగలాల వేట ఆగిపోయి చాలా ఏళ్లయింది. పడవల కొట్టాన్ని మ్యూజియం చేశారు. ఊరంతా వచ్చి పాత బల్లేలు చూసిపోతుంది గానీ సెరఫీం మాత్రం గుమ్మం తొక్కడు. "లోపల నూనె కంపు" అంటాడు. బతుకంతా ఆ కంపులో గడిపినవాడు!

కొండమీది కావలి గదిలో కూర్చుని సముద్రం చూడటం అప్పట్లో అతని పని. తిమింగలం ఊపిరి చిమ్మితే తారాజువ్వ వదిలేవాడు. అది పేలిందంటే చేలో పార చేలోనే, గిన్నెలో పులుసు గిన్నెలోనే. మగాళ్లమంతా రేవుకు పరుగు.

లేకలేక కూతురు పుట్టిందని కబురందిన రోజు అతనికి ఒళ్లు తెలియలేదు. సంతోషం పట్టలేక జువ్వ వెలిగించాడు. పెళ్లికీ పండక్కీ జువ్వలు కాల్చే ఊరే మాది, కానీ కొండమీది జువ్వకు ఒక్కటే అర్థం. సముద్రం పోటుమీద ఉంది. పడవ దించే తొందరలో అతని బావమరిది లియాంద్రు రాతికీ పడవకూ మధ్య నలిగి చచ్చిపోయాడు. అదే పడవలో తెడ్డు పట్టినవాణ్ణి నేను. "కనబడి మునిగిపోయింది" అన్నాడు సెరఫీం. కావలివాడి మాట కాదనేదెవరు?

ఇప్పుడు ఆ కూతురు నతేర్సియాయే మ్యూజియంలో గైడు. మొన్న పండగ పడవల పందేనికని మ్యూజియం బయట ఆనాటి పడవకే నేను రంగు వేస్తుంటే, లియాంద్రు భార్య ఇదలీనా సెరఫీంని చెయ్యిపట్టి లాక్కొచ్చింది.

"ఇక్కడ ఆయన పేరుతో బోర్డు పెడతారట అన్నయ్యా. ఆ తిమింగలం ఎంతుందో నువ్వే చెప్పాలి."

సెరఫీం పడవ అంచు పట్టుకుని భోరుమన్నాడు. "తిమింగలం లేదమ్మా. పిల్ల పుట్టిందని కాల్చాను. నీ మొగుణ్ణి చంపింది నేనే."

నా చేతిలో కుంచె ఆగిపోయింది. ఇదలీనా మ్యూజియం గుమ్మంవైపు చూసింది.

"పిల్లకి తెలుసా?"

"తెలీదు."

"అయితే నోరు ముయ్యి. నీ బరువు దించుకోడానికి దాని నెత్తిన పెడతావా? ఇన్నేళ్లు మోశావు, చచ్చేదాకా మొయ్యి."

అంతలో నతేర్సియా రానే వచ్చింది. "చెప్పాడా అత్తా? ఎంతుందట?"

"పడవకి రెండింతలు. నేనూ చూశాగా, మా పెరట్లోంచి," అంది ఇదలీనా.

"నా పుట్టినరోజుకి వచ్చిందంటే ఆమాత్రం ఉండొద్దూ!" అని నవ్వి, ఆ పిల్ల నావైపు తిరిగింది. "నువ్వు పడవలోనే ఉన్నావుగా బాబాయ్, నువ్వూ చూశావా?"

సెరఫీం అప్పుడు తలెత్తి నన్ను చూశాడు.

"చూశానమ్మా," అన్నాను.