గిటారు కవరులో దాచిన సెలవు కాగితం

మా బ్యాండు మొదటి డ్రమ్మరు ఉద్యోగం వల్ల తప్పుకున్నాడని పద్దెనిమిదేళ్ళుగా చెబుతూ వచ్చాను. అది నిజం కాదు. తప్పుకునేలా చేసింది నేను. ఆ సంగతి అతడికి కూడా చెప్పలేదు.

ఇప్పుడు మాకు డ్రమ్స్ వాయిస్తున్న అమ్మాయి ఈ మధ్య బ్యాండు చరిత్ర రాసి ఇంటర్నెట్‌లో పెడతానంది. ఏ ఏడు ఎవరున్నారు, ఎవరెందుకు పోయారు అని వరసగా అడిగింది. "అంకుల్, పహలే వాలే, అదే మొదటి డ్రమ్మర్ ఎందుకు వెళ్ళిపోయారు?" అంటే అలవాటుగా "డ్యూటీ వల్ల" అన్నాను. ఆమె ఫోనులో టైపు చేసి, సరిగ్గా ఉందా అని చూపించింది. నోటితో వందసార్లు చెప్పిన అబద్ధం అక్షరాల్లో కనిపించేసరికి సరిగ్గా ఉందని అనలేకపోయాను.

మేం నలుగురం బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పెరిగినవాళ్ళం. మా తాతలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మేం వాయించేదాన్ని పోస్ట్-హార్డ్‌కోర్ అంటారని మాకూ కొన్నాళ్ళకు గాని తెలియలేదు. మెల్లగా సాగుతున్న పాట ఉన్నట్టుండి విరుచుకుపడుతుంది. ఒకడు పాడతాడు, ఒకడు అరుస్తాడు. నేను గిటారు వాయిస్తూ మెత్తగా పాడేవాణ్ణి. అరవడం మా స్నేహితుడి పని. రైల్వే ఇనిస్టిట్యూట్ క్లబ్బు వెనక గదిలో మా సాధన విని మా అమ్మ ఒకసారి, "ఆ గుంటడికి కడుపునొప్పేటిరా? వాము నీళ్ళు పంపనా?" అని అడిగింది.

డ్రమ్మరు అప్పుడప్పుడే అసిస్టెంట్ లోకో పైలట్ అయ్యాడు. నేను లాబీలో గుమాస్తాని. డ్రైవర్లు డ్యూటీ ఎక్కేది, దిగేది, ఏ బండికి ఎవరు వెళ్ళాలో నిర్ణయమయ్యేది అక్కడే. అతడు గూడ్సు దిగి తిన్నగా సాధనకు వచ్చేవాడు, డ్రైవర్లు లైను మీదికి తీసుకెళ్ళే రేకు పెట్టె చేత్తో పట్టుకుని. ఒకరోజు ఊరికే ఆ పెట్టె మీద వేళ్ళతో వాయించాడు. గూడ్సు బండి కదలబోయేటప్పుడు వ్యాగన్లు ఒకదాన్నొకటి లాక్కునే చప్పుడది. మా మొదటి పాట దానితోనే మొదలయింది. బండిలాగే అతడూ వేగం అందుకోవడానికి కొంచెం సమయం తీసుకునేవాడు. అదే నాకు చిరాకు.

రాయ్‌పూర్‌లో బ్యాండ్ల పోటీ వచ్చింది. గెలిచినవాళ్ళకు రికార్డింగు చేసిపెడతామన్నారు. అదే సమయంలో ఊరి చివర కోనిలో చదువుకుంటున్న ఒక కుర్రాడు పరిచయమయ్యాడు. రెండు కాళ్ళతో పెడల్ తొక్కుతూ గడియారం తప్పినా తను తప్పకుండా వాయించేవాడు. అతడు ఉంటే గెలుస్తామని నాకు గట్టిగా అనిపించింది. అనిపించింది గాని, పక్క క్వార్టరులోనే పెరిగిన మా డ్రమ్మరుతో ఆ మాట ఎలా అనాలో తెలియలేదు.

మా డ్రమ్మరు లైను మీదికి వెళుతూ పోటీ రోజుకు సెలవు కాగితం నా చేతికిచ్చాడు. "పెద్దాయన వచ్చాక ఇచ్చీరా, మరిసిపోకు" అన్నాడు. పెద్దాయన అంటే మా లాబీ సూపర్‌వైజరు. లైను మీద ఉన్నవాళ్ళ కాగితాలు తెలిసినవాళ్ళు ఇవ్వడం మాకు మామూలే. నేను దాన్ని గిటారు కవరు జేబులో పెట్టి జిప్పు వేశాను. పోటీ రోజు పొద్దున అతడి పేరు గూడ్సుకు వచ్చింది. పిలుపు అందింది, బండెక్కాడు. మేం కోని కుర్రాడితో రాయ్‌పూర్ వెళ్ళాం.

మర్నాడు సాయంత్రం పెట్టెతో సహా మా గుమ్మం ముందు నిలబడి, "నా కాగితం ఏటయ్యింది?" అన్నాడు.

"పెద్దాయన ఒప్పుకోలేదు" అన్నాను.

అతడు వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. సాధనకు రావడం మానేశాడు. పెద్దాయనతో మాట్లాడడం కూడా మానేశాడు.

పోటీలో మేం గెలవలేదు. ఆ రేకు పెట్టె చప్పుడు లేక మా మొదటి పాట ఎక్కడ మొదలైందో మాకే తెలియలేదు. కోని కుర్రాడు చదువు కాగానే వెళ్ళిపోయాడు. తరవాత బ్యాంకులో పనిచేసే ఆయన వచ్చాడు, బదిలీ మీద పోయాడు. మధ్యలో బ్యాండు పేరు మూడుసార్లు మారింది. కొన్నేళ్ళు అసలు మూతబడే ఉంది. ఆ అమ్మాయి వచ్చాకే మళ్ళీ లేచింది. వచ్చే నెల ఇనిస్టిట్యూట్‌లో మా కార్యక్రమం. మొదటి పాట ఆ రేకు పెట్టెతోనే మొదలవ్వాలని, పాత డ్రమ్మరును పిలవమని ఆమె నా వెంటపడింది. పిలిస్తే వస్తాడేమో. కాని ఏం జరిగిందో తెలియకుండా రావడం నాకిష్టం లేదు.

అతడి రెస్టు రోజు చూసుకుని గిటారు కవరు జేబులో అలాగే ఉన్న కాగితం తీసి పట్టుకుని వాళ్ళ క్వార్టరుకు వెళ్ళాను. ఇప్పుడతను ఎక్స్‌ప్రెస్ బళ్ళు నడుపుతాడు.

"ఏటిరా ఇది?" అన్నాడు కళ్ళజోడు వెతుక్కుంటూ. చదివి నవ్వాడు. "చెల్లెలి నిశ్చితార్థమా? నాకు చెల్లెలేదిరా?"

"సెలవు కోసం నువ్వే రాశావు."

"అచ్ఛా. అయితే పెద్దాయన కనిపెట్టీసాడన్నమాట. అందుకే సెలవివ్వలేదు."

అక్కడ నేను నోరు మూసుకుంటే సరిపోయేది. "ఆయన దీన్ని చూడనేలేదు. నేనే ఇవ్వలేదు. ఆ కోని కుర్రాడైతే గెలుస్తామనుకున్నాను. నీ మొహం మీద చెప్పలేకపోయాను. తప్పయిపోయిందిరా. ఇది విన్నాక కూడా నీకు ఇష్టమైతే వచ్చే నెల కార్యక్రమానికి ఆ రేకు పెట్టె పట్టుకుని రా" అన్నాను.

అతడు కాగితాన్ని పాత మడతల మీదే మళ్ళీ మడిచాడు.

"అప్పుడే సెప్పుంటే ఏటయ్యేది? నాలుగు తిట్టుందును. మర్నాడొచ్చి కింద కూకుని నీ పాట ఇనుందును." కాగితం నా జేబులో పెట్టి, "నా సంగతి సరే. పెద్దాయన రిటైరైన రోజు మెళ్ళో దండేసుకుని లాబీ బయట నిలబడితే మొహం తిప్పుకుని పోయాను. దానికేటంటావు?" అన్నాడు.

అతడు చెప్పులేసుకున్నాడు. "పద, పెద్దాయన ఇంటికెల్దాం, స్కూటర్ తియ్యి. తిరిగొచ్చాక అటక మీంచి ఆ రేకు పెట్టె దించాలి. నిచ్చెన నువ్వే పట్టుకోవాలి."

పెద్దాయన ఊళ్ళోనే మంగ్లాలో ఇల్లు కట్టుకుని ఉంటున్నారు. వరండాలో కూర్చుని మెంతికూర ఆకులు తుంచుతున్నారు. డ్రమ్మరును చూసి కళ్ళు చిట్లించి, "ఒరే, నువ్వా. ఇన్నాళ్ళకి దారి తెలిసిందేటి?" అన్నారు. అతడు వంగి కాళ్ళకు దణ్ణం పెట్టాడు. నేను గొంతు తగ్గించి మొదలుపెట్టాను.

"ఏటి?" అన్నారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని. ముప్పై అయిదేళ్ళ ఇంజన్ల మోత ఆయన చెవుల్ని తినేసింది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ "ఏటి?" అన్నారు.

"గట్టిగా సెప్పు. బ్యాండులో ఇన్నాళ్ళూ మెత్తగా పాడి తప్పించుకున్నావు" అన్నాడు డ్రమ్మరు, బెంచీ అంచు మీద వేళ్ళతో మెల్లగా వాయిస్తూ.

కడుపు నిండా గాలి పీల్చుకున్నాను. ఎదురింటివాళ్ళు తొంగి చూసేలా జీవితంలో మొదటిసారి అరిచాను.

"సార్, వీడి సెలవు కాగితం నేనే దాచాను. మీరు ఒప్పుకోలేదని వీడికి అబద్ధం చెప్పాను. తప్పు మీది కాదు, వీడిది కాదు, నాది. మీరిద్దరూ నన్ను క్షమించండి."