మెరిసే కణాలు

నా ఉద్యోగం పేరు ఎవరికి చెప్పినా ఒక పట్టాన అర్థం కాదు. గుమ్మం మీద బోర్డు రాసిన పెయింటరు కూడా చోటు చాలక చివరి రెండు మాటలూ సన్నగా ఇరికించాడు. కణ జీవశాస్త్రంలో సీనియర్ పరిశోధకురాలిని. కణాలను ఊరికే చూడటం కాదు నా పని, కొలవడం. ఒక కణం రెండుగా విడిపోయే ముందు ఎంత పెరుగుతుంది, ఇంక చాలని దానికి ఎలా తెలుస్తుంది అన్నదే నా ప్రశ్న. విజయనగరంలో కిరాణా కొట్టు నడిపే మా నాన్నకు ఈ సంగతి చెబితే, “అయితే నువ్వూ కాటా ఏస్తన్నావన్నమాట,” అని సంతోషపడ్డాడు.

శ్రీకాకుళం ఊరి చివర ఉన్న ఈ కాలేజీకి బోలెడు ఆశతో వచ్చాను. ఆ ఆశ తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది. పోస్టు పెద్దది, పిలుపు పెద్దది, కుర్చీ కూడా పెద్దదే. ల్యాబుకని ఇచ్చింది మాత్రం విరిగిన బల్లలు పడేసుకునే గది. దాన్ని కడిగించి, సున్నం వేయించి, కణాలు పెంచే ఇంక్యుబేటర్ పెట్టించుకున్నాను. అది చూడటానికి చిన్న ఫ్రిజ్‌లా ఉంటుంది గానీ, లోపల మన ఒంట్లో ఉన్నంత వేడిని పట్టి ఉంచుతుంది. ఆ వేడి కాస్త అటూ ఇటూ అయినా కణాలు తట్టుకోలేవు. అందుకని ఆ గదికి జనరేటర్ నుంచి విడిగా ఒక లైను వేయించుకోవడానికి ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగాను.

ఏడాదంతా అందులో ఒకే రకం కణాలను పెంచాను. మైక్రోస్కోపు కింద వాటి కేంద్రకాలు వెలిగేలా మార్చి, బాగా పెరిగిన వాటిని ఏరి, మళ్లీ పెంచి, ఏ పండగకీ ఇంటికి పోకుండా మేపాను. వాటిలో కొన్నింటిని గడ్డకట్టించి దాచుకోవాలి. అందుకు కావలసిన ద్రవ నైట్రోజన్ విశాఖపట్నం నుంచి రావాలి. ఆ బిల్లు మీద సంతకం పడలేదు. అడిగినప్పుడల్లా మా శాఖాధిపతి, “అయిపోతాదండీ మేడమ్, కంగారెందుకు,” అనేవాడు. కాబట్టి నా కణాలు ఈ లోకంలో ఉన్నది ఆ ఒక్క పెట్టెలోనే. నా పోస్టూ ఏడాదికే ఇచ్చారు. కొలతలు చూసి పొడిగిస్తామన్నారు.

కొలతలు మొదలుపెట్టే వారంలోనే కాలేజీ చూడటానికి పైనుంచి పెద్దలొస్తున్నారన్నారు. వాళ్లకు నా ల్యాబే చూపించాలట. ముందురోజు సాయంత్రం నేను ఇంటికి బయల్దేరేటప్పటికి ఆవరణలో షామియానా లేస్తోంది, కూలర్లు దిగుతున్నాయి.

పొద్దున్నే వచ్చి ఇంక్యుబేటర్ తలుపు తీశాను. వేడి ఆవిరి మొహాన కొట్టింది. గది ఊడ్చే అటెండరమ్మ నా వెనకే నిలబడి భయంభయంగా చెప్పింది. “రాత్రి షామియానా వోళ్ళొచ్చారండి మేడమ్. కూలర్లకి కరెంటు సాల్లేదంట. మన డిపార్ట్‌మెంటు పెద్దసారే మన లైన్లోంచి తీసుకోమన్నారండి.” మళ్లీ లైను కలిపినప్పుడు వోల్టేజీ ఒక్కసారిగా ఎగదన్ని, వేడిని అదుపు చేసే భాగం కాలిపోయింది. పెట్టె ఇంకా ఇంకా కాగుతూనే ఉంది. కణాలున్న ఒక్కో పళ్లెమూ తీసి మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. ఒక్కటీ మిగల్లేదు. నాకు ఏడుపు రాలేదు, ఎవరినైనా కొట్టాలనిపించింది.

శాఖాధిపతి కొత్త చొక్కాతో వచ్చాడు. చెప్పాను. ఆయన గడియారం చూసుకున్నాడు.

“సచ్చాయో బతికాయో ఆళ్ళకేటి తెలుస్తాదండీ? ఏదో ఒకటి పెట్టండి మేడమ్, మీకూ మంచిదే.”

బతికున్న కణం పెనం మీద అట్టులా పళ్లేనికి పరుచుకుని ఉంటుంది. పలచగా, ఉందో లేదో అన్నట్టు కనబడుతుంది. చచ్చేటప్పుడు ముడుచుకుని, పట్టు వదిలి, గుండ్రటి పూసలా పైకి తేలుతుంది. అప్పుడు మెరుస్తుంది.

మెడలో దండలతోనే పెద్దలు వచ్చారు. మైక్రోస్కోపుకి తగిలించిన తెర మీద నా కణాలన్నీ మిలమిలా మెరుస్తున్నాయి. “అబ్బ, ముత్యాల్లా ఉన్నాయే!” అన్నాడు ముందున్నాయన. అందరూ చప్పట్లు కొట్టారు.

“ఇవి చచ్చిపోయాయండీ,” అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. “నిన్న నా లైను తీసి కూలర్లకిచ్చారు. ఏడాది పని పోయింది.”

శాఖాధిపతి పెద్దగా నవ్వి, “మేడమ్ గారు జోకులేస్తన్నారండి,” అన్నాడు. అందరూ హాయిగా నవ్వేశారు. ఫొటోగ్రాఫర్ నన్ను పక్కకు జరగమని, తెరను ఫొటో తీసుకున్నాడు.

పై నెలలో పోస్టు పొడిగిస్తూ ఆర్డరొచ్చింది, అభినందనలతో సహా. కొలతల మాట ఎవరూ ఎత్తలేదు. ఒక్క కణం కొలవకుండానే నేను సమర్థురాలినైపోయాను. ఆ ఆర్డరు చించి పారేద్దామనుకున్నాను గానీ, ఇలాంటి పోస్టు ఈ చుట్టుపక్కల ఇంకెక్కడుంది? తీసుకున్నాను. నైట్రోజన్ బిల్లు ఇప్పటికీ శాఖాధిపతి బల్ల మీదే ఉంది. ఫొటోని మాత్రం పెద్దది చేయించి, అద్దం బిగించి, మా శాఖ గుమ్మం పక్కన మేకు కొట్టి తగిలించారు. కొత్తగా చేరిన పిల్లలు దాని ముందు నిలబడి సెల్ఫీలు దిగుతారు.

మొన్న మా నాన్న శ్రీకాకుళంలో ఏదో సరుకు చూసుకోవడానికి వచ్చి, నా ఆఫీసు చూస్తానన్నాడు. బస్టాండు నుంచి ఆటోలో తీసుకొచ్చాను. గుమ్మం దగ్గరే ఆగిపోయి, కళ్లజోడు సర్దుకుని ఫొటో వంక చాలాసేపు చూశాడు.

“ఇయ్యేనేటమ్మా నువ్వు పెంచినవి?”

“అవే నాన్నా.”

“బాగున్నాయే, మెరుస్తన్నాయి.”

“అవి చచ్చాకే అలా మెరుస్తాయి నాన్నా. వీళ్లే చంపేశారు,” అన్నాను. జరిగిందంతా అక్కడే నిలబడి చెప్పాను.

ఆయన అంతా విన్నాడు. వేలు పెట్టి అద్దం మీద దుమ్ము కొంచెం తుడిచాడు.

“మరి ఫొటో కట్టించినోళ్ళు దండెయ్యలేదేటమ్మా?” అన్నాడు.

ఆ మాటకు నేను నవ్వలేదు. ఆయనా నవ్వలేదు.